ఐదు మీద కొట్టిన రెండు

ఒక సెమిస్టర్ ఫీజు మొత్తం పోసి, స్టార్ట్ కాని కారు కొన్న మొనగాణ్ణి నేను. ఖమ్మంలో మూడు తరాలుగా కిరాణా కొట్టు నడిపిన ఇంట్లో పుట్టి, పొట్లం చేతిలో పెడితే యాభై గ్రాముల తేడా పట్టేసే నేను చేసిన ఘనకార్యం అది. ఇవాళ పొద్దున కెనడాలోని విండ్సర్‌లో నేను పనిచేసే వర్క్‌షాపులో ఎవరో పాత ఇంజిన్ మీద బ్రేక్ క్లీనర్ కొట్టారు. ముక్కు మండించే ఆ వాసనకు రాజ్యం ఆంటీ గ్యారేజీ, ఆవిడ స్వెట్టర్ మీది గ్రీజు మరకలతో సహా గుర్తుకొచ్చింది.

ఆంటీది గుడివాడ పక్క పల్లె. పెళ్ళయి ఈ ఊరొచ్చి, ఇక్కడి ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మనవాళ్ళ పండగ భోజనాల్లో ఆవిడ కనిపించేవారు కాదు గానీ, పాత అమెరికన్ స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం డెట్రాయిట్ నుంచి నది దాటి మరీ వచ్చేవారు. బానెట్ కింద ఉన్నది కారుతో పాటు పుట్టిన ఇంజినేనా, తర్వాత తెచ్చి బిగించిందా అన్నది ఆవిడ చూసి చెప్పాలి. పుట్టు ఇంజిన్ ఉంటే కారు ధర రెట్టింపు. కాబట్టి దొంగ నంబర్లకు కొదవ లేదు. నేను కాలేజీలో చేరి ఆవిడ బేస్‌మెంట్‌లో అద్దెకు దిగినప్పుడు, యాభై డాలర్లు తగ్గించమని మూడు రోజులు బేరమాడాను. నాలుగో రోజు పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి నా చేతిలో పెట్టారు.

"తగ్గించనని చెప్పానుగా. ఇన్నాళ్ళూ నోటితో పనిచేశావు, ఇప్పుడు కళ్ళతో చెయ్యి. ఇంజిన్ వెనకాల పోత పోసిన తేదీ ఉంటుంది. మొదటి అక్షరం నెల. ఏ అంటే జనవరి. చివరి అంకె అరవైల్లో ఏడాది."

"సి, పద్నాలుగు, ఐదు. మార్చి పద్నాలుగు, అరవై ఐదు."

"ముందు వైపు, బిగించినప్పుడు కొట్టిన తేదీ?"

"మార్చి మూడు."

"అంటే పోత పొయ్యకముందే బిగించేశారన్నమాట. బయట కూర్చున్న పెద్దమనిషికి కాఫీ ఇచ్చి పంపించెయ్."

రెండు నెలలు ఇలా గడిచేసరికి నాకు అన్నీ వచ్చేశాయనిపించింది. సార్నియా అవతల ఒక రైతు షెడ్డులో, గడ్డి మోపుల వెనక, అరవైల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు దొరికింది. రైతు తొమ్మిది వేలు అడిగాడు, నేను ఏడుకు తెగ్గొట్టాను. జనవరి ఫీజు కూడా సరిగ్గా ఏడు వేలే. టొరంటో పక్క ఎటోబికోలో పాత కార్లు కొని అమ్మే రఘు అన్న, అసలు ఇంజిన్ అయితే పద్దెనిమిది ఇస్తానని ఫోన్‌లో అన్నాడు. ఇంజిన్ నంబరు మీద వేలి మందాన గ్రీజు పేరుకుని ఉంది. తుడిచి చూస్తే రైతుకు నా ఆశ తెలిసిపోయి ధర పెంచుతాడని, తుడవకుండానే డబ్బిచ్చాను. మా కొట్టు నేర్పిన తెలివి అది.

కారు గ్యారేజీకి తెచ్చాక గ్రీజు ఆంటీ తుడిచారు. నంబరులో చివరి అంకె తేడాగా ఉంది. పుట్టు ఇంజిన్ మీద కారు చట్రం నంబరే ఉండాలి. చట్రం మీద చివర ఉన్నది రెండు. ఇంజిన్ మీద ముందు ఐదు కొట్టి, దాని మీదే లోతుగా రెండు కొట్టారు. ఆంటీ టార్చిని ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూశారు.

"దువ్వెనతో గీసినట్టు సన్నగీతలు కనబడుతున్నాయా? ఫ్యాక్టరీలో బ్లాకును చదును చేసిన మిషను గీతలవి. నంబరు కిందనుంచి ఎక్కడా తెగకుండా పోతున్నాయి చూడు. పైపొర తీసి మళ్ళీ కొట్టినవాడు వీటిని తేలేడు. ఇది అసలుదే."

"మరి ఆ రెండు, ఆంటీ?"

"నేనూ కొట్టాను నంబర్లు. ఎడం చేతిలో అచ్చు, కుడిచేతిలో సుత్తి. లైను మన కోసం ఆగదు. తప్పు పడితే దాని మీదే ఒప్పు గట్టిగా కొట్టి పంపేసేదాన్ని. దొంగకి రోజంతా టైముంటుంది. అందుకే వాడిది అందంగా ఉంటుంది."

డిసెంబరులో రఘు అన్న వచ్చి నంబరు చూసి పెదవి విరిచాడు. "తమ్ముడూ, ఇది చూస్తే ఎవడైనా దొంగ నంబరే అంటాడు. నా మనిషి గంటలో పైన కాస్త అరగదీసి, అదే నంబరు నీట్‌గా కొడతాడు. నంబరు అదే, ఇంజిన్ అదే. ఇందులో అబద్ధం ఏముంది చెప్పు? పద్దెనిమిది ఇప్పుడే ట్రాన్స్‌ఫర్ చేస్తా."

ఆంటీ వైపు తిరిగాను. "మా కొట్లో కూడా అంతే ఆంటీ. నల్లబెల్లం మంచిదని చెప్పినా కొనరు. తెల్లగా మెరిస్తేనే కొంటారు."

"అయితే మీ నాన్న అందులో ఏం కలిపేవాడు?"

నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. "కారు నీది, ఫీజు నీది. నన్ను చూడకు" అని ఆవిడ గుడ్డతో చేతులు తుడుచుకున్నారు.

ఆ గీతలు అరిగిపోతే మళ్ళీ రావు. ఆ ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేం లేదు. "అన్నా, ఉన్నదున్నట్టు తీసుకుంటే పదిహేనుకిస్తా" అన్నాను.

"వద్దురా. నీట్‌గా చేయనిస్తే పంతొమ్మిది."

"ఉన్నదున్నట్టు అయితే పన్నెండు."

"పిచ్చా నీకు? నేను పెంచుతుంటే నువ్వు తగ్గిస్తావేంది?"

మా వంశంలో కొనేవాడు పెంచుతుంటే అమ్మేవాడు తగ్గించిన బేరం అదొక్కటే. రఘు అన్న వెళ్ళిపోయాడు. ఆంటీ నన్ను మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

"మరీ పన్నెండేమిట్రా? కొనేదాన్ని నేనైతే పదికి బేరమాడేదాన్ని. అన్నం తిందువు గాని, పద."

దొంగ నంబరును అసలుదన్న ముసలావిడకు చూపు పోయిందని టొరంటోలో ప్రచారమైంది. వచ్చేవాళ్ళు తగ్గారు. అయినా ఆవిడ నా కారుకు తన పేరుతో ఉత్తరం రాసి సంతకం పెట్టారు: "తప్పు ఫ్యాక్టరీలో పడింది, అక్కడే దిద్దారు. ఇంజిన్ ఈ కారుదే. నమ్మనివాళ్ళు గీతలు చూసుకోవచ్చు." కాస్త మెత్తగా రాయమని బతిమాలాను. "ఇంతకన్నా మెత్తగా రాస్తే అబద్ధమవుతుంది" అన్నారు. ఏప్రిల్‌లో ఒక రిటైర్డ్ స్కూల్ టీచరు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, ఆరు వేల రెండు వందలిచ్చి కారు తీసుకెళ్ళాడు.

ఆంటీ పోయి రెండేళ్ళయింది. రఘు అన్న ఎటోబికోలో రెండో షోరూం తెరిచాడు. ఇక నా లెక్క. కారు మీద ఎనిమిది వందలు పోయాయి, దాన్ని తెచ్చిన ట్రైలరుకు మూడు వందల యాభై. ఫీజు కట్టలేక ఒక సెమిస్టర్ పోయింది, దాంతో స్టడీ పర్మిట్ చిక్కుల్లో పడి, ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ తోటివాళ్ళకన్నా ఏడాదిన్నర ఆలస్యమైంది. ఆంటీ చివరి రోజుల్లో ఆవిడ మాటకు తగ్గిన విలువ కూడా నా పద్దులోనే వేసుకోవాలి. ఆ కారు తెచ్చింది నేనే. రాబడి వైపు చూస్తే, టార్చి ఏటవాలుగా పట్టి ఒక ఇంజిన్ అసలుదో కాదో ఎవరినీ అడగకుండా చెప్పగలను. దానికి వర్క్‌షాపువాళ్ళు గంటకు మూడు డాలర్లు ఎక్కువ ఇస్తారు. అన్నీ కూడి తీసేస్తే, ఇప్పటికీ నష్టమే.