నీలం తలుపు అడ్రసు

మా బాబాయికి మనుషులంటే గుడ్డి నమ్మకం, అడ్రసులంటే తగని అనుమానం. కళ్లారా చూస్తే తప్ప ఏ ఇంటి నంబరునూ నమ్మడు. పెళ్లికి ముందు పిన్నికి రాసిన మొదటి ఉత్తరంలో సగం పేజీ ఆవిడ అడ్రసేనట. మిగతా సగంలో ఆ అడ్రసు సరైనదేనా అని అడిగాడట.

"కాదని జవాబు రాసుంటే బతికిపోయేదాన్ని," అంటుంది పిన్ని ఇప్పటికీ.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. జనం తోచినట్టు రాసిన అడ్రసులను మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక పద్ధతిలో పెట్టి, నిజమో కాదో చూసి, పార్సిల్ కంపెనీలకు ఇస్తుంది. సరిపోలనివి తెరమీద ఎర్రబడతాయి. నేనూ అక్కడే, ఆయన పక్క కుర్చీలో. ఎరుపు కనిపిస్తే చాలు, భోజనాల వేళ గొడుగు పట్టుకుని ఆ ఇల్లు చూసొస్తాడు.

"ఈ ఊళ్లోవి సరే, పై ఊళ్లవో?" అన్నాడు మేనేజర్.

"సెలవులు మిగిలే ఉన్నాయండీ."

ఒక శుక్రవారం ఓ పార్సిల్ మూడోసారి తిరిగొచ్చింది. లోపల ఒక చిన్నపిల్ల వినికిడి మిషను, రిపేరై వస్తోంది. సోమవారం బడి తెరుస్తారు. సాయంత్రంలోగా ఇల్లు దొరక్కపోతే మిషను మళ్లీ కంపెనీకే పోతుంది. తెరమీద అడ్రసు మాత్రం పచ్చగా, లక్షణంగా ఉంది: తాళాల షాపు, నంబరు, వీధి.

"షాపులో అలాంటి పిల్లే లేదట," అన్నాడు మేనేజర్.

బాబాయి ఆ తల్లి స్వయంగా రాసిన అడ్రసు తీయించాడు. 'తాళాల షాపు వెనక, నీలం తలుపు' అని ఉంది. వెనక, పక్కన, ఎదురుగా, తలుపు రంగు, ఇవన్నీ అడ్రసుకు దండగని, కనిపించగానే కొట్టేసేలా రూలు రాసిన ఘనుణ్ణి నేనే.

బాబాయి మేనేజర్ గదిలోకి వెళ్లొచ్చాడు. పార్సిల్ మనిషిని వెంటబెట్టుకుని ముగ్గురం బయల్దేరాం. దారిలో కక్కేశాను.

"బాబాయ్, ఆ రూలు నాదే."

"తెలుసులేరా. కింద నీ పేరుంది."

"మరి మేనేజర్‌తో?"

"చూడకుండా సరేనన్నది నేనేగా. అదే చెప్పాను. నడు, ఎండెక్కుతోంది."

పార్సిల్ మనిషి నవ్వాడు. "సారు ఎప్పుడూ ఇంతేనండీ. వారానికో తప్పు మోసుకొస్తారు, ఎవరిదంటే నాదేనంటారు."

ఇన్నాళ్లూ ఆ గొడుగు కింద మా ఆఫీసు తప్పులన్నీ చల్లగా తలదాచుకున్నాయన్నమాట. సిగ్గేసింది. అంతకు రెట్టింపు ఆయన మీద ప్రేమా పుట్టుకొచ్చింది.

నీలం తలుపు తీసింది ఒక టైలరమ్మ. పక్కనే ఏడేళ్ల కూతురు. మిషను చెవికి పెట్టి, "వినిపిస్తోందా తల్లీ?" అంది. పిల్ల కళ్లు ఇంతలేసి చేసుకుని తలూపింది. టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. బాబాయి జేబులోంచి నోటు పుస్తకం తీశాడు.

"అమ్మా, ఈ గదికి నంబరుందా? ఎవరిచ్చారు? సందుకు ఇంకో దారుందా? మెట్లెన్ని? ఈ నీలం ఎప్పుడు వేశారు? మళ్లీ రంగు మార్చే ఆలోచనేమైనా..."

పిల్ల కాసేపు బుద్ధిగా వింది. తర్వాత మెల్లగా చెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చి, మిషను ఆపేసుకుంది.