లేని గదిలోంచి పిలుపు

కోదాడలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి కింద ఒక చెప్పుల దుకాణం ఉంది. పొద్దున్నే దాని షట్టర్ ఎత్తుతుంటే ఆ ఇనుప గరగర గోడల్లోంచి పాకి నా అరికాళ్ళకు తగులుతుంది. చేతిలో టీ ఉంటే కింద పెట్టేస్తాను. విమలా మేడం భర్త గుర్తుకొస్తారు. ఆయన వెనకే మేడం.

మేడం మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పేవారు. తర్వాత ఉద్యోగం మానేసి, సూర్యాపేటలో హైవే పక్కన మేడ మీద రెండు గదులు తీసుకుని, కంపెనీలకు కెర్నెల్ పని చేసిపెట్టేవారు. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటి మీదా పెత్తనం చేసే ప్రోగ్రాము. చదువయ్యాక నన్ను తన దగ్గరే పనిలో పెట్టుకున్నారు. అప్పుడు మా చేతిలో ఉన్న పని ఎన్‌క్లేవ్‌లది. ఎన్‌క్లేవ్ అంటే ప్రాసెసర్ మెమరీలో కట్టుకునే తాళం గది. అందులో దాచిన రహస్యాన్ని కెర్నెల్ కూడా తొంగిచూడలేదు. లోపల ఏదైనా తప్పు జరిగితే ప్రాసెసర్ పని ఆపి కెర్నెల్‌ను పిలుస్తుంది. ఆ పిలుపునే ఎక్సెప్షన్ అంటాం. మామూలు ప్రోగ్రాము నుంచి పిలుపొస్తే ఏం జరిగిందో అంతా కనిపిస్తుంది. ఎన్‌క్లేవ్ నుంచి వస్తే అసలు విలువల స్థానంలో ఉత్తుత్తి విలువలు ఉంటాయి, తప్పు జరిగిన మెమరీ చిరునామాలో చివరి అంకెలన్నీ సున్నాలవుతాయి. మొదటిసారి చూసినప్పుడు ముఖం లేని మనిషెవరో గుమ్మంలో నిలబడ్డట్టు అనిపించింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పరీక్షలకు వాడే లాప్‌టాప్ బ్యాటరీ అడుగంటి నిద్రలోకి జారింది. కరెంటు వచ్చాక దాన్ని లేపితే ఫ్యాను హోరెత్తింది. తెర మీద ఒకే చిరునామా నుంచి పిలుపు మీద పిలుపు. ఆగడం లేదు.

"లోపల ఎవరో తలుపు తడుతున్నట్టుంది మేడం" అన్నాను.

మేడం వంగి చూశారు. "తట్టుడు సరే. అసలు ఆ గది ఉన్నదా, జర సూడు స్వప్నా."

చూశాను. లేదు. లాప్‌టాప్ నిద్రపోయినప్పుడే ప్రాసెసర్ దాన్ని చెరిపేసింది. ఆ సంగతి తెలియని ప్రోగ్రాము లోపలికి పోబోతోంది, ప్రాసెసర్ ఆపుతోంది, కెర్నెల్ తన లెక్కలు చూసుకుని అంతా బాగానే ఉందనుకుని మళ్ళీ పొమ్మంటోంది. ఎవరూ లేని చోటి నుంచి ఆ పిలుపు.

"ప్రోగ్రామును చంపేద్దామా?" అని అడిగాను. మేడం జవాబు చెప్పబోయి, కిటికీలోంచి కిందికి చూసి లేచారు. నేనూ వెంట దిగాను.

సర్వీసు రోడ్డు మీద ఆమె భర్త ఉన్నారు. ఒకప్పుడు ఆయన ఫొటో స్టూడియో సరిగ్గా అక్కడే ఉండేదట, రోడ్డు వెడల్పులో పోయింది. ఆ తర్వాత జరిగిన యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి, స్టూడియో పోయిన సంగతీ చెరిగిపోయింది, కొత్త సంగతులేవీ ఆయనకు నిలవవు. నేను చూస్తుండగా ఆయన వంగి గాలిలో తాళంచెవి తిప్పారు. రెండు చేతులతో లేని షట్టర్‌ను పట్టుకుని పైకెత్తారు. ఎంతవరకు లేచిందోనని తలెత్తి చూశారు. వెనక లారీలు పోతున్నాయి. నా చెవులకు ఆ గరగర నిజంగా వినిపించింది.

"రేపు తెరుద్దురు గానీ, ఇంటికి పోండి సారూ" అంటున్నాడు టీ కొట్టాయన.

మేడం ఆయన పక్కకు వెళ్ళి, చేతులు దించేదాకా ఆగారు. "ఏమండీ, స్టూడియో లేదు. రోడ్డుల పోయింది. నేనున్న. పైకి పోదాం రండి."

"పోయిందా?" ఆయన ముఖం వాడిపోయింది. "కెమెరాలు?"

"ఇంట్ల ఉన్నయ్."

ఆయన చెయ్యి అందించారు.

మెట్లెక్కుతుంటే మెల్లగా అడిగాను. "రోజూ ఇట్లనే చెప్తరా మేడం? రేపు తెరుద్దామంటే అయిపోతది గదా?"

"అట్లంటే రేపు మళ్ళొచ్చి ఎండల నిలబడతడు. గుంజుకొస్తే నన్ను సూసే భయపడతడు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆయనే ఏదో ఒక దారి చూసుకుంటడు" అన్నారు.

ఆ సాయంత్రం కెర్నెల్‌ను మార్చాం. తప్పు ఎన్‌క్లేవ్‌దే అయితే ప్రాసెసర్ ఒక చిన్న గుర్తు పెట్టి పంపుతుంది. అది కనబడితే ప్రోగ్రామును చంపకుండా, మళ్ళీ పొమ్మనకుండా, గది పోయిందన్న మాట దానికే చేరవేసేలా రాశాం. లాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపాం. ఒక్క పిలుపు వచ్చింది. ప్రోగ్రాము కొత్త గది కట్టుకుంది. ఫ్యాను హోరు తగ్గింది.

మూల కుర్చీలో కూర్చున్న ఆయన తలెత్తి లాప్‌టాప్ వైపు చూశారు. "లోపల ఎవరుండిరి?"

"ఎవరూ లేరండీ" అన్నారు మేడం.

పోయినేడు మేడం గుండెపోటుతో పోయారు. ఆయన్ను మిర్యాలగూడలో ఉండే చెల్లెలు తీసుకుపోయింది. నేను వెళ్తే తలుపు ఆయనే తీశారు. రోజూ చూసిన ముఖం కాబట్టేమో నన్ను పోల్చుకుని, నా భుజం మీదుగా వీధిలోకి చూశారు.

"విమల రాలేదా నీతోని?"

ఆయన చెల్లెలు నన్ను పక్కకు లాగింది. "కాలేజీకి పోయిందని చెప్పమ్మా, మేమంతా అట్లనే చెప్తున్నం. పొద్దంతా గేటు కాడనే కూసుంటడు."

నేను పోయి ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "మేడం చనిపోయిన్రు సార్. నేనొచ్చిన."

ఆయన కళ్ళు నిండాయి. తుడుచుకుని "అన్నం తిన్నవా?" అన్నారు. ఇద్దరం లోపలికి పోయి తిన్నాం. ఆ పూట మళ్ళీ గేటు దగ్గరికి పోలేదు.

వీలున్నప్పుడల్లా వెళ్తుంటాను. గుమ్మంలోనే అడుగుతారు, చెప్తాను. చేస్తున్నది మంచిదో కాదో నాకు తెలియదు, అడగడానికి మేడం లేరు. ప్రతిసారీ ఆయనకు అది కొత్త వార్తే. చెప్పడం నాకు ఇంకా అలవాటు కాలేదు.