సీనియారిటీ ప్రకారం అయిదు సైకిళ్ళు

ఆ రోజుల్లో మా కోనసీమలో సైకిలు తొక్కడానికి కూడా ఓ మర్యాద ఉండేది. ముందు పెద్దవాళ్ళు పోతుంటే బెల్లు కొట్టి దాటిపోవడమంటే ఎంత తలపొగరో అనేవారు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ మర్యాదే ఒకసారి నా ఉద్యోగానికి ఎసరు పెట్టబోయింది.

అమలాపురంలో ఓ మిషను బడిలో లెక్కల మేష్టారుగా చేరి అప్పటికి పది నెలలు. టెంపరరీ. నన్ను ఉంచాలో పంపాలో పెద్ద మేష్టారు (అంటే మా హెడ్మాస్టరుగారు) రాసే రిపోర్టు మీద ఉంది. సోమవారం అది బడి నడిపే కరస్పాండెంటుగారికి చేరాలి. సరిగ్గా ఆ ముందు శనివారమే ఆయన స్టాఫుని సైకిళ్ళ మీద అంతర్వేది సముద్రం చూడ్డానికి బయల్దేరదీశారు. అయిదుగురం తేలాం. హేండిలుకి గొడుగు తగిలించుకుని ముందు ఆయన, వెనక తెలుగు మేష్టారు, ఆ వెనక సైన్సు మేష్టారు, డ్రిల్లు మేష్టారు, చిట్టచివర నేను. ఎవరూ చెప్పలేదు గాని, సర్వీసు రిజిస్టరులో పేర్లు ఎలా ఉన్నాయో సైకిళ్ళూ అలాగే నడిచాయి.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. తిరిగొస్తూ పాశర్లపూడి దగ్గర, పొద్దు వాలుతుండగా, కాలవగట్టు రెండుగా చీలిన చోట పెద్ద మేష్టారు కుడికి బదులు ఎడమకి తిరిగారు. అది మా మేనత్త ఊరి దారి. చిన్నప్పుడు వేసవంతా అక్కడే తిరిగేవాణ్ణి. రెండు మైళ్ళు పోయాక మురుగుకాలవ అడ్డొస్తుంది, వంతెన లేదు. ఈలోగా మమ్మల్ని గోదావరి దాటించాల్సిన ఆఖరి పంటు కాస్తా వెళ్ళిపోతుంది (ఇక రేవులో దోమలతో కాపరమే). ఆయన్ని తప్పు పడితే రిపోర్టు ఏమవుతుందో! తెలిసీ ఊరుకున్నానని తరవాత తేలితే ఇంకేమవుతుందో!

చివరికి డ్రిల్లు మేష్టారి వెనక చక్రం దాకా తొక్కి, "దారి తప్పేమండీ, పెద్ద మేష్టారికి చెప్పండి," అన్నాను.

"నేనెలా చెబుతానండీ, ముందు సైన్సు మేష్టారున్నారు కదండీ," అంటూ ఆయన ముందుకి వంగి, "దారి కొంచెం తేడాగా ఉందంటున్నారండి కొత్త మేష్టారు," అన్నారు. సైన్సు మేష్టారు దాన్ని ఇంకాస్త చల్లార్చి, "దారి కొత్తగా ఉందంటున్నారండి," అని తెలుగు మేష్టారికి అందించారు. తెలుగు మేష్టారు మరీ మర్యాదస్థులు. "కొత్త మేష్టారికి ఈ దారి బాగా నచ్చిందటండి!" అన్నారు.

"ఆయ్! గాలి కూడా చల్లగా ఉందండీ," అని పెద్ద మేష్టారు మురిసిపోయి ఇంకా జోరుగా తొక్కారు.

రెండో మైలూ కావస్తోంది. ఎండ కొబ్బరి మొవ్వుల మీదికి ఎక్కిపోయింది. గట్టు సన్నబడింది. ఆయన వెనక్కి తిరిగి నవ్వడమొకటి, నేను తలూపడమొకటి! ముందు మలుపు తిరిగితే గట్టు తెగిపోయి నిలువునా మురుగుకాలవే. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఆ జోరులో తిన్నగా నీళ్ళలోకే వెళతారు.

"ఆగండీ! తప్పండీ! ముందు కాలవండీ!"

ఆ కేక నాదేనని నాకే తెలియలేదు. అయిదు సైకిళ్ళూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి. పెద్ద మేష్టారు దిగి, మలుపు దాకా నడిచి చూసి, పాలిపోయిన మొహంతో వెనక్కి వచ్చారు.

"ఇందాక దారి నచ్చిందన్నారు కదండీ?"

ముగ్గురు సీనియర్లూ మహా శ్రద్ధగా కాలవలో నీళ్ళు చూస్తున్నారు. అసలు సంగతి చెబితే ముగ్గురితో పేచీ, చెప్పకపోతే ఒక్కరితో. లెక్కల మేష్టార్ని కదా, తక్కువదే ఎంచుకున్నాను.

"ఇది మా మేనత్తగారి ఊరి దారండీ. మొదట్నించీ తెలుసండి," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరే పదండి ముందు," అన్నారు. సన్నటి గట్టు మీద ఎక్కడి సైకిలు అక్కడే తిప్పేసరికి నేను ముందు, హెడ్మాస్టరుగారు వెనక. జన్మలో అంత జోరుగా తొక్కి ఎరగను. తాడు విప్పుతుండగా పంటులో పడ్డాం.

నది మధ్యలో ఆయన నా పక్కకి వచ్చారు. "తెలిసుండి ఎందుకు ఊరుకున్నారండీ?"

అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "సోమవారం రిపోర్టండీ."

"అది నిన్ననే పంపించేసేనండి. మంచి మేష్టారు, ఉంచండని రాసేను." హేండిలుకున్న గొడుగు సర్దుకుని, "కాలవలో పడుంటే ఆ రాసినవాడు పోయేవాడండి," అన్నారు.

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఎందరో హెడ్మాస్టర్ల వెనక నడిచాను. దారి తప్పుతోందని తెలిసినా పక్కవాడి చెవిలో గొణిగి ఊరుకున్న రోజులే ఎక్కువ, అదీ పర్మనెంటు అయ్యాక. గట్టు మీద గొంతు చించుకున్న ఆ ఇరవై మూడేళ్ళ టెంపరరీ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం ఈర్ష్యగానూ ఉంటుంది.