డోలీకి ముందు పరుగు

మా చిన్నప్పుడు... డోలీ కన్నా ముందు ఒక పిల్లవాడు పరిగెత్తేవాడు.

పట్టణపు మిత్రుల కోసం వివరిస్తాను. పొడవైన వెదురు కర్రకు బొంత కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, భుజాల మీద మోస్తే అది డోలీ. మా అరకు కొండల్లో ఒక గూడెం వారు పొలిమేర దాకా మోస్తే, అక్కడ పక్క గూడెం వారు భుజం మార్చుకునేవారు. వారు సిద్ధంగా ఉండాలంటే ముందుగా కబురు అందాలి. ఆ కబురు మోసేది చురుకైన పిల్లల కాళ్లే.

నాకు పదకొండేళ్లప్పుడు మా చెల్లి చిలకమ్మకు జ్వరం వచ్చింది. ఏడేళ్ల పిల్ల... వాగు దాకా పందెం వేస్తే ప్రతిసారీ నన్ను ఓడించేది. మూడో రోజుకు లేవలేకపోయింది. మా అయ్య, ముగ్గురు బాబాయిలు డోలీ ఎత్తారు.

"బేగెల్లరా. భుజాలు కావాలని సెప్పు," అన్నాడు అయ్య.

చెల్లి బొంతలోంచి తల బయటపెట్టింది. "అన్నా, నేనైతే ఈపాటికి సేరిపోదును."

అంత జ్వరంలోనూ నన్ను వెక్కిరించడం మానలేదు.

పరిగెత్తాను... పక్క గూడెంలో కుంపటి ముందు ఒక ముసలమ్మ తప్ప ఎవరూ లేరు. చెల్లి సంగతి ఆమెకే చెప్పి, భుజాలు కావాలన్నాను.

"సంత రోజున మగోళ్లు ఇంటికాడ ఉంటారేటి, గుంటడా?" అంది. అంతలో నా ముఖం చూసి, సొరకాయ బుర్రలో అంబలి పోసి ఇచ్చింది. "జొరంతో ఉన్న మీ సెల్లి గుంటకి పట్టు."

సంత రోజన్న సంగతి నాకు తట్టలేదు. అయ్యకూ తట్టలేదు. మార్చుకునే భుజం లేక ఆ నలుగురే ఆగుతూ, ఆగుతూ మోశారు. జీపులు తిరిగే రోడ్డు కనిపించే మలుపులో అయ్య డోలీ దించాడు. మళ్లీ ఎత్తలేదు... అంబలి బుర్రలోనే ఉండిపోయింది.

మొన్న అరకులో ఒక సేవాసంస్థ వారు కొండ రోగుల సహాయార్థం పరుగు ఏర్పాటు చేశారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్ది డిగ్రీ దాకా చదివినవాణ్ని. దరఖాస్తు స్వదస్తూరితోనే నింపాను. "ఎవరి జ్ఞాపకార్థం?" అన్న గడిలో "చెల్లి చిలకమ్మ. రోడ్డు లేక చనిపోయింది" అని రాశాను.

ఛాతీకి గుచ్చుకొమ్మని ఇచ్చిన నంబరు గుడ్డ మీద "చిలకమ్మ" అని మాత్రమే అచ్చయింది. మిగతా మాట ఏదని అడిగాను.

"చోటు సరిపోలేదు అంకుల్," అంది నిర్వాహకురాలైన అమ్మాయి, మర్యాదగానే.

జేబులోని పెన్ను తీసి, మిగతా మాట నేనే రాసుకున్నాను. చోటు సరిపోయింది.

నున్నని తారు రోడ్డు... అడుగడుగునా మంచినీళ్లు, అరటిపళ్లు, చప్పట్లు. ఆ రోడ్డు రిసార్టుల దాకా వెళ్తుంది. మా గూడేనికి ఇప్పటికీ కాలిబాటే. నలభై ఎనిమిదేళ్ల వయసులో, పళ్లు బిగించి, చివరి వరకు పరిగెత్తాను.

తరువాత వేదిక మీదకు పిలిచారు. విరాళాలతో మా గూడేనికి కానుక కొన్నారట... తళతళలాడే అల్యూమినియం డోలీ. మెత్తని పరుపు, బెల్టులు కూడా ఉన్నాయి.

"అంకుల్, పట్టుకుని కొంచెం నవ్వండి. ఫొటో."

"మా చెల్లికి డోలీ ఉండేదమ్మా," అన్నాను. "డోలీలోనే చనిపోయింది."

మైకు అడిగి తీసుకుని, మా గూడేనికి రోడ్డు ఎప్పుడు వేస్తారని ప్రశ్నించాను.

"ఇది ఆ సందర్భం కాదండి," అన్నారు వేదిక మీది పెద్దల్లో ఒకరు.

డోలీని ముట్టుకోకుండా దిగివచ్చాను. నాతో వచ్చిన మా బాబాయి కొడుకు మాత్రం వెళ్లి దాన్ని తీసుకున్నాడు.

"ఏటి సేత్తాం అన్నా? మా ఆడదానికి నెలలు నిండతన్నాయి."

అతనిది తప్పు కాదు. నా ఒళ్లు మండింది కూడా అందుకే... ఆ కానుక మాకు నిజంగానే అవసరం. తారు ముగిసిన చోట, దాని రెండో కొస నేనే భుజానికి ఎత్తుకున్నాను.

అప్పుడు వెదురు, ఇప్పుడు అల్యూమినియం. కబురు మోసే పిల్లవాడి బదులు, సిగ్నల్ దొరికితే, ఫోను. ఇన్నేళ్లలో మాకు మారింది ఇంతే...

మీ ఊరి డోలీ ఎవరిని మోసిందో, రోడ్డు చేరకముందే ఎక్కడ దించవలసి వచ్చిందో కింద రాయండి. పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. ఇక్కడ చోటు సరిపోతుంది.