ఉరుము సొంత ఆల్బమ్

మా బావమరిది రాక్ పాటలు పాడతాడు. గొంతు అంత పెద్దదని జనం వాడికి ఉరుము అని పేరు పెట్టారు. గొంతుతో పాటు వాడిలో పెరిగింది ఇంకోటి ఉంది, అనుమానం. కాఫీ చిక్కగా ఉన్నా సరే, ఎందుకు చిక్కగా ఉందని ఆరా తీసే రకం.

పదకొండేళ్లు పాడిన బ్యాండును వదిలేసింది కూడా ఆ జబ్బుతోనే. వేదిక మీద వీడు పాడుతుంటే బేస్ గిటార్ వాయించేవాడి పెదాలు కదిలేవట. "నా చోటు మీద కన్నేశాడు బావా. పాటలన్నీ బట్టీ కొట్టేశాడు" అన్నాడు. అందరితో తెగతెంపులు చేసుకుని సొంతంగా ఆల్బమ్ మొదలుపెట్టాడు. అది నిలబడితే పాటగాడు, లేదంటే నా వెంట లిఫ్టులు బాగుచేయడానికి రావాల్సిందే.

రికార్డిస్టు మాత్రం పాతాయనే. బ్యాండు ఆల్బములన్నీ ఆయన చేతి మీదే అయ్యాయి. "ఆయన వాళ్ల మనిషి. నువ్వొచ్చి ఓ కంట కనిపెట్టు బావా" అని నన్ను పట్టుకెళ్లాడు. తమ్ముడి మాట కాదంటే మా ఆవిడ ఊరుకోదు గనక, వారం సెలవు పెట్టి, గోడలకు పాత దుప్పట్లు కొట్టిన ఆ గదిలో కాపలా కూర్చున్నాను.

పాడి వచ్చి విన్నప్పుడల్లా వాడి ముఖం మాడిపోయేది. గొంతు సన్నగా, బక్కచిక్కి వినబడుతోంది. మైకు మార్పించాడు. వైర్లు మార్పించాడు. పెద్దాయన టీకి వెళ్లినప్పుడు, తర్వాత గొంతులు పెంచి తగ్గించే మీటలేమైనా కదుపుతాడేమో తెలియాలని, నా చేత వాటికి ఫోటో తీయించాడు. సిగ్గు లేకుండా తీశాను కూడా.

నాలుగో రోజు వాడికి ఒళ్లు మండిపోయింది. బ్యాండు పాట ఒకటి పెట్టించి, "వినండి! ఇదీ నా గొంతు. మీరు కావాలని నీరుగారుస్తున్నారు. వాళ్లేం చెప్పారు మీకు?" అని అరిచాడు.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెప్పనని మాటిచ్చాను బాబూ" అంటూ ఆ పాటలోనే ఒక మీట కిందికి దించాడు. ఉరుము మాయమైంది. నాలుగు రోజులుగా మేం వింటున్న సన్నగొంతే మిగిలింది. తర్వాత దాన్ని ఆపేసి, ఇందాక దించిన మీట పైకి లేపాడు. బేస్ గిటారతను పాడుతున్నాడు! అవే మాటలు, ఊపిరి తీసుకునే చోట్లు కూడా అవే. రెండో చరణంలో మావాడు ఒక మాట తప్పు పాడితే, ఆ మహానుభావుడు ఆ తప్పు కూడా పాడాడు.

"నువ్వు ఇంటికెళ్లాక వచ్చి పాడేవాడు, ప్రతి పాటా. స్టేజీ మీద కోరస్‌కని అతనికో మైకు ఉండేది చూడు, అదీ ఇందుకే. నీకు తెలిస్తే ధైర్యం పోతుందని బ్యాండంతా ఒక మాట అనుకున్నారు."

నాకు ఏడుపొచ్చింది. వాడికి రాలేదు. లోపలికెళ్లి కొత్త పాట మళ్లీ పాడాడు. ఈసారి గొంతు చించుకోలేదు. సన్నగొంతు సన్నగానే ఉంది గానీ, ఇన్నేళ్లలో మొదటిసారి వాడి పాటలో ప్రతి మాటా నాకు అర్థమైంది.

బయటికి రాగానే "చాలా బాగుందిరా" అన్నాను. ఒట్టు, మనసులోంచి వచ్చిన మాట.

వాడు నా ముఖంలోకి ఆరా తీస్తున్నట్టు చూశాడు.

"వాళ్లూ ఇదే అనేవాళ్లు బావా. పదకొండేళ్లూ."