అలసటకు పేరు దొరికాక

అమెరికాలో, అరిజోనా ఎడారి ఎండల మధ్య ఉండే చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఒక కంపెనీలో శశికళ టెస్ట్ ఇంజనీరు. పుట్టి పెరిగింది ఖమ్మంలో. పెళ్లయ్యాక భర్త జితేందర్‌తో కలిసి ఇక్కడికి వచ్చింది. చురుకైన మనిషి. అలాంటిది నలభై దాటగానే, పొద్దున లేచేసరికి రాత్రంతా మూటలు మోసినట్టుండేది ఒళ్లు. కాళ్లకు తిమ్మిర్లు ఎక్కేవి. వయసనుకుంది, ఆఫీసు ఒత్తిడి అనుకుంది, విటమిన్ మాత్రలు వేసుకుంది.

మే నెలలో ఒక శనివారం, పక్క వీధిలో ఉండే స్నేహితురాలు అనురాధ ఇంట్లో ఇద్దరూ కలిసి ఆవకాయ పెడుతున్నారు. కారం వెలిసిపోయిందని, కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని శశికళ విసుక్కుంది. అనురాధ బేసిన్‌లోకి చూసింది. కారం ఎర్రగా మండిపోతోంది. ఆమెకు అనుమానం వచ్చి, ఒక్కో కన్నూ మూసి చూడమంది. కుడి కంటికి ఎర్రగానే కనిపించింది. ఎడమ కంటికి మాత్రం అదే కారం ఇటుక పొడిలా పాలిపోయి ఉంది. కన్ను కదిపితే నొప్పిగా ఉంటోందని శశికళ అప్పుడు చెప్పింది. సోమవారం డాక్టర్‌కి చూపించుకుంటానంది.

అనురాధ చేతులు కడుక్కుని కారు తాళాలు తీసింది. "సోమవారం దాకా ఎవరాగుతారు? చెప్పులేసుకో, వెళ్దాం."

ముందు కంటి డాక్టర్, ఆ తర్వాత న్యూరాలజిస్టు. ఎంఆర్ఐలో మెదడులోనూ వెన్నుపాములోనూ తెల్లటి మచ్చలు కనిపించాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి నరాల మీది తొడుగును దెబ్బతీస్తుందని, అందువల్ల మెదడు పంపే కబురు దారిలో మందగిస్తుందని, ఒక్కోసారి ఆగిపోతుందని డాక్టర్ ఓపిగ్గా వివరించింది. పూర్తిగా నయం చేసే మందు లేదు. కొత్త దెబ్బలను చాలావరకు ఆపే మందులు మాత్రం ఉన్నాయి. వాటిని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదట. బయటికొచ్చి కారులో కూర్చుని శశికళ ఏడ్చింది. భయంతో ఏడ్చింది. అలసట తన బద్ధకం కాదని తెలిసినందుకు కూడా ఏడ్చింది.

కొన్ని వారాలకు చూపు కుదుటపడింది. ఆస్పత్రిలో నరంలోకి మందు ఎక్కించుకోవడం అలవాటైంది. ఎండే పెద్ద చిక్కు. ఒళ్లు వేడెక్కితే చాలు, కాళ్లు బరువెక్కేవి, చూపు మసకబారేది. చల్లబడితే మళ్లీ సర్దుకునేది. జబ్బు ముదిరినట్టు కాదని డాక్టర్ ధైర్యం చెప్పినా జితేందర్‌కు మనసు ఒప్పలేదు. ఇంత ఎండ ఉండని కాలిఫోర్నియాకు పోదామని, ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చూసుకుంటానన్నాడు. తన డాక్టర్, తన అనురాధ ఇక్కడే ఉన్నారని, ఎక్కడికీ రానని శశికళ చెప్పేసింది.

అయితే శశికళ తన కూతురు హంసిక ఆడే సాఫ్ట్‌బాల్ ఆటలకు వెళ్లడం మానేసింది. ప్రతిసారీ మీటింగ్ ఉందనేది. అసలు సంగతి చేతికర్ర. దూరం నడవాలంటే అది కావాలి, దాన్ని పట్టుకుని నలుగురిలోకి వెళ్లాలంటే నామోషీ. ఒక సాయంత్రం పదమూడేళ్ల హంసిక వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, నా గేమ్ నీకు బోరా?"

శశికళ ఇక దాచలేకపోయింది. కర్రతో వస్తే నీ ఫ్రెండ్స్ ముందు నీకు చిన్నతనంగా ఉంటుందని రావడం లేదంది.

హంసిక తనకొచ్చిన తెలుగులోనే మెల్లగా చెప్పింది. "స్టిక్ ఉంటే నాకు ఎంబరాసింగ్ కాదు. నీ కుర్చీ ఎంప్టీగా ఉంటే, అది చూస్తే శాడ్ అవుతుంది."

ఆ వారం ఆటకు శశికళ వెళ్లింది. మంచు ప్యాకెట్లు అమర్చిన కూలింగ్ జాకెట్ తొడుక్కుని, కర్ర ఊతంగా మైదానం చివరిదాకా నడిచింది. జితేందర్ పట్టుకోబోతే వద్దంది. హంసిక జట్టు చిత్తుగా ఓడిపోయింది. ఆట అవగానే ఆ పిల్ల మట్టికొట్టుకున్న బట్టలతోనే పరుగెత్తుకొచ్చి తల్లి ఒళ్లో తల పెట్టేసింది. ఓడినందుకు ఏడుస్తున్న కూతురి తల నిమురుతూ, ఇక్కడ ఉండగలిగినందుకు శశికళ లోపల్లోపలే దండం పెట్టుకుంది.

ఇప్పుడు ఆమె జబ్బు సంగతి పనిచేసే చోట అందరికీ తెలుసు. మేనేజర్ ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంటి నుంచి పనిచేసుకోమన్నాడు. చూడ్డానికి బాగానే ఉన్నావే అని ఎవరైనా అంటే, లోపలి సంగతి కాస్త విడమరిచి చెబుతుంది. బాగాలేని రోజులు వస్తూనే ఉంటాయి. వంట మధ్యలో కాళ్లు మొరాయిస్తే స్టవ్ కట్టేసి కూర్చుంటుంది. మిగతాది జితేందర్ పూర్తిచేస్తాడు. పప్పులో ఉప్పు ఎక్కువేస్తాడు. ఆమె మారు వడ్డించుకుని మరీ తింటుంది.