కార్తీకంలో కొట్టిన మామిడి కొమ్మలు

మామిడి కొమ్మ ఎప్పుడు కొట్టాలో చీడికాడ చుట్టుపక్కల ఎవరినడిగినా నానాజీని అడగమంటారు. వాడు మా చెల్లెలు పైడితల్లి మొగుడు, నాకు బావ. కాయ దిగిపోయి నాలుగు వానలు పడగానే రంపం పట్టుకుని తోటల వెంట తిరిగేవాడు. అదే వాడి బతుకు. ఎండుపుల్లలూ, ఒకదాని మీదొకటి ఎక్కిన కొమ్మలూ తీసేసి, గాయాలకు మందు పూసి, చెట్టు నడుమకు ఎండ తగిలేలా చేసేవాడు. ఆలస్యంగా పిలిచారో, మొహం మీదే కసురుకునేవాడు.

"ఇనాయక సవితి దాటిపోనాక కొడితే సిగురేత్తాది గాని పూత రాదు. పైయేడు పిలండి."

నిరుడు మాఘంలో మా చెల్లి నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు పచ్చని చెట్టు మీద కత్తి పెట్టకూడదని మావైపు పట్టింపు. నానాజీ రంపానికి గోనె చుట్టి అటక మీద పడేశాడు. ఎవరు పిలిచినా వెళ్లలేదు. చెరుకు పడిపోకుండా జడలు కట్టే కూలికి పోయాడు. నాకు ఒళ్లు మండింది.

"నీ సెట్ల కొమ్మలయినా నన్ను కొట్టనీ బావ. గుబురెక్కిపోతన్నాయి" అన్నాను.

"వద్దు బావ. నా సెట్లే కదా. ఒక్క యేడు ఊరుకుంటే ఏటయిపోద్ది?" అని నవ్వాడు. ఆ నెలలన్నీ వాడు అలా నవ్వుతూనే తిరిగాడు.

కార్తీకంలో నొప్పులొస్తే అనకాపల్లి తీసుకెళ్లాం. మగబిడ్డ. ఏడవలేదు. అప్పటికే ప్రాణం లేదన్నారు.

చెల్లి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు నానాజీ రంపం దించి, ఇంటి ముందున్న తన మామిడిచెట్ల కొమ్మలన్నీ కొట్టేశాడు. నేను వెళ్లేసరికి పచ్చి కొమ్మలు కుప్పలుగా పడున్నాయి. ఊరందరికీ అదను చెప్పేవాడు చేసే పనేనా ఇది? వీడికి పిచ్చెక్కిందనుకుని రంపం లాక్కున్నాను.

"ఇప్పుడు కొడితే కాయవని నీకు తెలీదేటి బావ?"

"తెలుసు. అందుకే కొట్టేను" అన్నాడు. "గుమ్మంలోకొత్తే దానికి ఈ సెట్లే కనిపిత్తాయి. ఇయి పూసి, పిందెలేసి, గుత్తులుగా ఏలాడతంటే అది సూసి తట్టుకోగలదా? ఈ యేటికి వద్దు బావ."

రంపం తిరిగి ఇచ్చేశాను.

మళ్లీ మాఘం వచ్చేసరికి ఊరంతా మామిడిపూత వాసన. వాడి చెట్లకు మాత్రం ఎర్రటి చిగుళ్లు. అడిగినవాళ్లకు అదను మరిచిపోయానని చెప్పేవాడు. నానాజీయే మరిచిపోయాడట అని అందరూ ఒకటే ఎగతాళి. అది పడలేక ఒకరోజు వాడి ముందే చెల్లితో ఉన్నమాట చెప్పేశాను.

పైడితల్లి గుమ్మంలోకి వచ్చి ఆ చెట్లవంక చూసింది.

"రోజూ లెగిసి పూతొచ్చిందేటని సూసేదాన్ని అన్నియ్యా. నాకెలాగూ లేదు, ఈటికైనా ఉంటాదనుకున్నాను" అంది. తర్వాత మొగుడివైపు తిరిగింది. "నన్ను గొడ్రాలిని దేవుడు సేసేడు. ఈటిని నువ్వు సేసేవు."

నానాజీ రంపానికి మళ్లీ గోనె చుట్టి అటక మీద పడేశాడు.

ఇప్పుడు కోతలు అయిపోయాయి, వానలూ పడ్డాయి. తోటలవాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. వాడు ఎత్తడం లేదు.